వైద్య పదాల్లో లాటిన్ – 4వ పాఠం: ‘చిన్న’ అని చెప్పే ప్రత్యయాలు

పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్నతో మొదలుపెడదాం. ముంజేతిలోని రేడియస్ ఎముక నుంచి ‘రేడియాలిస్’ వచ్చింది కదా, మరి పక్కనే ఉన్న అల్నా నుంచి ‘అల్నాలిస్’ కాకుండా ‘అల్నారిస్’ ఎందుకు వచ్చింది? ‘ఫలానా దానికి సంబంధించిన’ అని చెప్పే ప్రత్యయం -ఆలిస్. మూలపదంలో ముందే ‘ల’ ఉంటే మళ్లీ ఇంకో ‘ల’ పలకడం రోమన్లకు ఇబ్బందిగా అనిపించి, రెండోదాన్ని ‘ర’గా మార్చారు. అన్నిచోట్లా కాదు గానీ, చాలాచోట్ల ఇదే జరుగుతుంది. ఈ సూత్రంతో ఇవాళ మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు గుండె దగ్గరికి వద్దాం. హైస్కూల్లో తెలుగు మీడియం చదివినవాళ్లకు గుండె అనగానే కర్ణికలు, జఠరికలు గుర్తొస్తాయి. నేను ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలోకి మారినప్పుడు ఈ రెండు మాటలనూ పక్కన పడేసి ఆరికల్, వెంట్రికల్ అని కొత్తగా బట్టీ పట్టాను. పరీక్ష హాల్లో టెన్షన్‌తో రెండూ తారుమారయ్యేవి. నిజానికి నేను వదిలేసిన మాటల్లోనే వాటి అర్థం ఉంది.

లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి, దానికి -కులా చేరిస్తే ఆరికులా, అంటే చిన్న చెవి. వెంటర్ అంటే పొట్ట, వెంట్రికులస్ అంటే చిన్న పొట్ట. మన పదాలు చూడండి. కర్ణం చెవి, కర్ణిక చిన్న చెవి. జఠరం పొట్ట, జఠరిక చిన్న పొట్ట. లాటిన్‌లో -కులా చేసే పనినే మన దగ్గర -ఇక చేస్తోంది. నాళం, నాళిక కూడా అంతే: లాటిన్‌లో ట్యూబస్, ట్యూబ్యులస్. తెలుగు మీడియం చదువు మీకు అడ్డం కాదు, ఈ పాఠంలో సగం మీకు అప్పుడే వచ్చేసింది. (ఇప్పటి శరీర నిర్మాణ శాస్త్రంలో పై గదిని ఏట్రియం అంటారు. ఆరికల్ అనేది దానికి అంటుకుని చెవి ఆకారంలో ఉండే చిన్న సంచి మాత్రమే. ఈ తేడా గుర్తుంచుకోండి.)

ఈ ప్రత్యయం పదాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది: -ఉలస్, -కులస్, -ఒలస్, -ఎల్లా, -ఇల్లా. చివర్లో -అస్, -ఆ, -అమ్ అనేవి లింగాన్ని చెప్పేవి. గుర్తుపట్టాల్సింది మధ్యలో ఉన్న ‘ల’ని. క్లావిస్ తాళంచెవి, క్లావికులా చిన్న తాళంచెవి, అదే భుజం ముందరి ఎముక. మాలియస్ సుత్తి, చెవిలోని చిన్న ఎముక పేరు. మాలియోలస్ చిన్న సుత్తి, చీలమండ దగ్గర చేతికి తగిలే బొడిపె. ఊవా ద్రాక్షపండు, ఊవులా చిన్న ద్రాక్ష. మనం కొండనాలుక అనేది దాన్నే. పటెల్లా అంటే చిన్న పళ్లెం, మనం మోకాలి చిప్ప అంటాం. మూస్ అంటే ఎలుక, మస్కులస్ చిన్న ఎలుక. చెయ్యి మడిచినప్పుడు కండ చర్మం కింద ఎలుకలా కదులుతుంది కదా! ఈ మూస్, వినాయకుడి వాహనమైన మూషికం ఒకే మూలం నుంచి పుట్టిన చుట్టాలు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ప్యూపిల్లా. ప్యూపా అంటే ఆడపిల్ల, బొమ్మ. ఎదుటివాళ్ల కంట్లోకి దగ్గరగా చూస్తే నల్లటి చోట మన రూపం బొమ్మంత చిన్నగా కనిపిస్తుంది. అందుకే రోమన్లు దాన్ని ప్యూపిల్లా, చిన్న బొమ్మ అన్నారు. మనం కంటిపాప అన్నాం. ఈ మాటను మీరు ఇక బట్టీ పట్టక్కర్లేదు.

ఒక హెచ్చరిక. చివర ‘ఉలా’ కనిపించగానే చిన్నది అనుకోవద్దు. -బులా, -బులమ్ వేరే జాతి, అవి పనిముట్టునో పాత్రనో చెబుతాయి. మాండెరె అంటే నమలడం, మాండిబులా నమిలే పనిముట్టు, అంటే కింది దవడ. ఫిబులా బట్టను పట్టి ఉంచే పిన్ను. అసీటమ్ అంటే వెనిగర్, అసెటాబులమ్ వెనిగర్ పోసుకునే గిన్నె. తొడ ఎముక తల కూర్చునే తుంటి గుంటకు ఆ పేరే పెట్టారు.

ఇప్పుడు మొదటి సూత్రం బయటికి తీయండి. ‘చిన్న’ ప్రత్యయాలన్నిటిలో ‘ల’ ఉంది. కాబట్టి వాటికి ‘సంబంధించిన’ అని చేర్చేటప్పుడు -ఆలిస్ కాదు, -ఆరిస్ రావాలి. వెంట్రిక్యులర్, క్లావిక్యులర్, పటెల్లార్, ప్యూపిల్లరీ: ఇంగ్లీషులో వినిపించే ఈ ‘ర’ అక్కడి నుంచి వచ్చిందే. పక్కటెముకల మాట కోస్టల్, మూలం కోస్టా. అందులో ‘ల’ లేదు కాబట్టి చివర ‘ల’ నిలిచింది.

వచ్చే పాఠానికి అభ్యాసం: ట్యూబర్ అంటే బొడిపె, వాపు. దీన్ని పట్టుకుని ట్యూబర్‌క్యులోసిస్ అనే మాటను ముక్కలు చేయండి. చివరి ముక్క -ఓసిస్ గ్రీకుది, దాని సంగతి ఐదో పాఠంలో చూద్దాం. అలాగే సెరిబ్రమ్ అంటే మెదడు అయితే, సెరిబెల్లమ్ అంటే ఏమిటో, దాని విశేషణం ‘ల’తో ముగుస్తుందో ‘ర’తో ముగుస్తుందో పుస్తకం తెరవకుండా రాయండి.