ఇంట్లో నల్లులు పడితే ఎలా వదిలించుకోవాలి?

తిరుపతిలో ఉండేవాళ్ల ఇళ్లకు ఏడాది పొడుగునా చుట్టాలు వస్తూనే ఉంటారు. దర్శనానికి ముందు ఒక రాత్రి, తర్వాత ఒక రాత్రి మన పరుపుల మీదే పడుకుంటారు. వాళ్ల బ్యాగు అంతకుముందు ఏ బస్సులోనో ఏ లాడ్జి మంచం పక్కనో ఉండి ఉంటుంది, నల్లి దాని కుట్లలో దాక్కుని మనింటికి చేరుతుంది. ఇల్లు మురికిగా ఉందని నల్లులు రావు. మేము సిగ్గుపడి నెల రోజులు ఎవరికీ చెప్పలేదు, ఒక గదిలో ఉన్నవి మూడు గదులకు పాకాయి.

ముందు అవి నల్లులేనా చూసుకోండి. పొద్దున లేచేసరికి చేతుల మీద, మెడ మీద వరసగా దద్దుర్లుంటే అనుమానించొచ్చు, అంతే. ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికే దద్దుర్లు రావొచ్చు. అందుకే ఒంటి మీద కాదు, మంచంలో వెతకాలి. సెల్‌ఫోన్ లైటు వేసి పరుపు కుట్ల వెంట, మంచం కోడూ పట్టే కలిసే చోట, స్క్రూ రంధ్రాల్లో, నులక అల్లికలో, గోడకున్న క్యాలెండర్ వెనక చూడండి. పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మరకలు, విడిచిన పొట్టు, మిల్లీమీటరు పొడవున తెల్లటి గుడ్లు కనిపిస్తాయి. పెద్ద నల్లి కందిగింజంత ఉంటుంది, కాకపోతే చదునుగా.

ఉన్నాయని తేలాక హాల్లోకి వెళ్లి పడుకోవద్దు. మనిషిని వెతుక్కుంటూ అవీ అక్కడికి వస్తాయి.

దుప్పట్లు, దిండు గలేబులు, బట్టలు ఆ గదిలోనే కవర్లలో మూట కట్టి బయటికి తేవాలి, లేకపోతే దారి పొడుగునా రాలతాయి. 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. మంచం విప్పి, సందుల్లో మరిగే నీళ్లు పోయండి. పరుపు కుట్ల మీద స్టీమర్ నెమ్మదిగా జరపాలి, గబగబా లాగితే లోపలికి వేడి పోదు.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. మే నెలలో పరుపు మిద్దె మీద వేస్తే చాలని మా పెద్దవాళ్లు అనేవాళ్లు, మేమూ వేశాం, లాభం లేకపోయింది. నల్లి చావాలంటే దాదాపు 48 డిగ్రీల వేడి గంటన్నర పాటు దానికి తగలాలి. పరుపు పైభాగం కాలిపోతున్నా లోపల అంత వేడెక్కదు, నల్లులు కింది వైపుకు జారుకుంటాయి. స్టీమ్ పట్టాక పరుపును జిప్పు కవర్లో మూసేసి ఏడాది దాకా విప్పకండి, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయవి.

మందు కొట్టించాలనుకుంటే, రెండోసారి కూడా రావాలని ముందే మాట్లాడుకోండి. ఒకసారి కొట్టి ఊరుకుంటే మందుకు తట్టుకున్న గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి, రెండు వారాల్లోపు మళ్లీ కొట్టాల్సిందే. ఒకే రకం స్ప్రేకి చావకపోతే ఇంకో డబ్బా అదే కొనకండి, చాలా చోట్ల నల్లులు మామూలు స్ప్రేల్లో ఎక్కువగా ఉండే పైరెత్రాయిడ్ రకం మందులకు అలవాటుపడిపోయాయి.

దయచేసి ఒక పని మాత్రం చేయొద్దు. ధాన్యంలో పురుగుకు పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఎవరైనా గదిలో పెట్టమంటే వినకండి. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది, సందుల గుండా పక్క గదికీ పోతుంది. ఆ బిళ్లలను ఇళ్లల్లో వాడి మన దేశంలో మనుషులు చచ్చిపోయారు. కిరోసిన్ చల్లడమూ వద్దు, ఇల్లు అంటుకుంటుంది.

నల్లులు జబ్బులు మోసుకొస్తాయని రుజువు కాలేదు, టెన్షన్ పడకండి. దురదకు కాలమైన్ లోషన్ రాయండి, గోకి చీము పడితే డాక్టరుకు చూపించండి.

ఇక మళ్లీ రాకుండా. లాడ్జి గదిలోకి వెళ్లగానే బ్యాగు మంచం మీద పడేయకుండా బాత్రూంలో పెట్టి, పరుపు నాలుగు మూలలూ ఎత్తి లైటు వేసి చూడండి. ఇంటికొచ్చాక బ్యాగు గదిలోకి తేకుండా బయటే బట్టలు తీసి నేరుగా వేడినీళ్లలో వేయండి. పాత మంచం కొనేటప్పుడూ సందులు చూడందే ఆటో ఎక్కించకండి.