క్రోషే క్లాసు మొదలుపెట్టే ముందు

క్రోషే, అంటే హుక్కుతో ఊలు అల్లడం, నేర్పేందుకు ఫీజు చెప్పేముందు లెక్క కాగితం మీద వేయండి: హుక్కు, ఊలు, గది అద్దె, ముందు రోజు శాంపిల్ అల్లుకునే టైమూ. ఆ చివరిది మర్చిపోయి, మొదటి బ్యాచ్‌కి నేను చేతి డబ్బు పెట్టుకున్నాను. సామాను ఫీజులో కలిసిందో లేదో ముందే చెప్పేయండి.

నల్ల ఊలు వద్దు, కుట్లు కనబడవు. నర్సాపురం లేసు దారమంత సన్నదీ అప్పుడే వద్దు. లేత రంగు ఊలు, 5 ఎంఎం హుక్కు చాలు.

మొదటి రోజే బొమ్మ చేయిస్తామని ఒప్పుకోకండి. రెండు గంటల్లో చైన్, సింగిల్ క్రోషే అనే తొలి కుట్లు వస్తే గొప్పే. గ్లాసు కింద పెట్టుకునే చదరం ముక్క అల్లించండి. వరుస చివరి కుట్టు వదిలేస్తూ పోతే ఆ చదరం కాస్తా సమోసా అవుతుంది. ప్రతి వరుసకీ కుట్లు లెక్కపెట్టించండి.

ఆరుగురికి మించొద్దు. ఎడమచేతివాళ్లుంటే మీకు ఎదురుగా కూర్చోబెట్టండి, అద్దంలో చూసినట్టు నేర్చుకుంటారు.