హైపవర్ లేజర్ డయోడ్‌లో వెలుగు తగ్గుతుంటే కారణం కనిపెట్టడం ఎలా?

హైపవర్ లేజర్ డయోడ్ వెలుగు తగ్గుముఖం పట్టగానే చాలామంది చేసే పని కరెంట్ పెంచడం. దానివల్ల ఆ పూటకు పని గడుస్తుంది గానీ, పెంచిన కరెంట్ జంక్షన్‌ను (చిప్‌లో కాంతి పుట్టే చోటును) మరింత వేడెక్కించి అసలు లోపాన్ని త్వరగా ముదరబెడుతుంది. అందుచేత లోపం చిప్‌లో ఉందా, దాన్ని అతికించిన సోల్డర్‌లో ఉందా, కాంతి బయటికి వచ్చే అంచు తలంలో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఈ పని డయోడ్ కొత్తగా ఉన్నప్పుడే మొదలవ్వాలి. హీట్‌సింక్‌ను (చిప్ వేడిని లాగేసే లోహపు దిమ్మను) 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలిపి, కరెంట్‌ను అంచెలంచెలుగా పెంచుతూ, ఒక్కో అంచెలో పవర్, వోల్టేజ్, తరంగదైర్ఘ్యం నమోదు చేయండి. 808, 940, 976 నానోమీటర్ల కిరణాలు కంటికి దాదాపు కనిపించకుండానే రెటీనాను కాల్చగలవు కాబట్టి, ఆ తరంగదైర్ఘ్యానికి తగిన రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. ఒంటిమీది స్థిర విద్యుత్తు డయోడ్‌ను దెబ్బతీస్తుంది గనుక మణికట్టుకు ఎర్త్ స్ట్రాప్ కూడా కట్టుకోవాలి.

తర్వాత వెలుగు తగ్గినప్పుడు అవే కొలతలను అదే ఉష్ణోగ్రత వద్ద మళ్లీ తీసి, మొదట తరంగదైర్ఘ్యాన్ని పోల్చండి. చిప్‌ను తప్పుపట్టే ముందు వేడిని అనుమానించడం మేలు. 808 నానోమీటర్ల డయోడ్‌లో జంక్షన్ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే తరంగదైర్ఘ్యం సుమారు 0.3 నానోమీటర్లు పెరుగుతుంది. అంటే అదే కరెంట్ వద్ద 3 నానోమీటర్ల తేడా కనిపిస్తే జంక్షన్ దాదాపు 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతోందన్నమాట. (గ్రేటింగ్ అనే సన్నని గీతల అమరికతో తరంగదైర్ఘ్యం మారకుండా బిగించిన డయోడ్లకు ఈ లెక్క పనికిరాదు.) అప్పుడు హీట్‌సింక్‌ను చల్లబరిచే నీటి మార్గాలు పూడుకున్నాయేమో చూడాలి, లేదా సోల్డర్‌ను అనుమానించాలి. వేడికి హీట్‌సింక్‌లోని రాగి వ్యాకోచం, చిప్ పదార్థమైన గాలియం ఆర్సెనైడ్ వ్యాకోచానికి రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది కాబట్టి, పదేపదే ఆన్, ఆఫ్ చేసే యంత్రాల్లో మెత్తని ఇండియం సోల్డర్ అలసి ఖాళీలు పడుతుంది.

తరంగదైర్ఘ్యం మారకుండా థ్రెషోల్డ్ కరెంట్ (లేజర్ కాంతి మొదలవడానికి కావలసిన కనీస కరెంట్) మాత్రం నెలల తరబడి మెల్లగా పెరుగుతుంటే, చిప్ లోపలి స్ఫటిక లోపాలు కాంతినివ్వకుండా కరెంట్‌ను మింగుతున్నాయని అర్థం. ఇది సహజమైన వార్ధక్యం. స్థిర కరెంట్ వద్ద పవర్ 20 శాతం పడిపోతే ఆయుష్షు ముగిసినట్టుగా లెక్కించడం పరిపాటి.

నిన్నటిదాకా బాగున్న పవర్ ఒక్కసారిగా పడిపోతే కథ వేరు. అంచు తలం మీది లోపాలు కాంతిని పీల్చుకుని వేడెక్కుతాయి. వేడికి అక్కడ బ్యాండ్‌గ్యాప్ (పదార్థం కాంతిని పీల్చుకోవడానికి కావలసిన కనీస శక్తి) కుంచించుకుపోయి ఇంకా ఎక్కువ కాంతిని పీల్చుకుంటుంది. ఈ విషవలయం చాలా తక్కువ సమయంలోనే స్ఫటికాన్ని కరిగించేస్తుంది. కాంతినిచ్చే పలు ఉద్గారకాలు ఒకే చిప్‌పై వరుసగా ఉన్న బార్‌లోనైతే అవి ఒక్కొక్కటిగా ఆరిపోతూ పవర్ మెట్లుమెట్లుగా దిగుతుంది.

ఇలా కరిగిన తలం మళ్లీ బాగుపడదు. విద్యుత్తు పూర్తిగా తీసేశాక మైక్రోస్కోపుతో తలాన్ని పరిశీలించండి. కాలిన మచ్చ కనిపిస్తే, కొత్త డయోడ్ బిగించేలోపు డ్రైవర్ నుంచి క్షణికమైన కరెంట్ ఉప్పెనలు వస్తున్నాయా అని ఓసిలోస్కోప్‌తోనూ, మెరిసే లోహపు పనిముక్క నుంచి కాంతి వెనక్కి తిరిగి డయోడ్‌లోకి చేరుతోందా అని ఆప్టిక్స్ అమరికలోనూ చూసుకోవాలి.