మ్యాజిక్ కార్డుల ఆట, ఇంటి దగ్గరే – 4వ పాఠం: మంత్రం వేయడం వేరు, ఫలించడం వేరు

మ్యాజిక్: ది గాదరింగ్ అనే కార్డుల ఆట ఇది, పోయిన పాఠం చివర అడిగిన ప్రశ్నతో మొదలుపెడదాం. చేతిలో గ్రిజ్లీ బేర్స్ అనే ఎలుగు జీవి ముక్క ఉంది. మంత్రాలకు ఖర్చయ్యే మనా ఇచ్చే లాండ్ ముక్కలు, రెండు ఫారెస్ట్‌లు, ట్యాప్ కాకుండా (వాడినట్టు గుర్తుగా అడ్డం తిప్పకుండా) ఉన్నాయి. మీ అప్‌కీప్ (వంతు మొదట్లో వచ్చే ఒక స్టెప్, అంటే దశ) నడుస్తోంది. ఎలుగును దింపవచ్చా?

కుదరదు. మనా ఉంది, వంతు మీదే, అయినా కుదరదు. ఇన్‌స్టంట్ (ఎదుటివారి వంతులోనూ వేయగల మంత్రం) కాని మంత్రం వేయాలంటే, జీవిని దింపడమూ మంత్రం వేయడమే, నాలుగూ ఒకేసారి కుదరాలి: వంతు మీది కావాలి, మెయిన్ ఫేజ్ (వంతులో ముఖ్య దశ) నడుస్తుండాలి, స్టాక్ ఖాళీగా ఉండాలి, ప్రయారిటీ (మంత్రం వేసే అవకాశం) మీ చేతిలో ఉండాలి. ఇన్‌స్టంట్‌కీ, ఫ్లాష్ అని రాసి ఉన్న కార్డుకీ ఆ నాలుగోదొక్కటి ఉంటే చాలు. ‘ఇప్పుడు వేయొచ్చా’ అన్న తగాదాలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

స్టాక్ అంటే దొంతర. పెనం మీంచి దించిన పెసరట్లు ఒకదాని మీద ఒకటి వేస్తూ పోతే, ఆఖర్న దిగిందే ముందు కంచంలోకి వస్తుంది. మంత్రాలూ అంతే, చివర వేసింది ముందు ఫలిస్తుంది. ఆట 1993లో వచ్చినా ఈ పద్ధతి 1999లో సిక్స్త్ ఎడిషన్ రూల్స్‌తోనే వచ్చింది. అంతకుముందు ఇంటరప్ట్ అని వేరే రకం మంత్రాలు ఉండేవి. పాత ముక్క మీద ఆ మాట కనిపిస్తే ఇప్పుడు దాన్ని ఇన్‌స్టంట్‌గానే ఆడాలి.

ప్రయారిటీ కంటికి కనబడదు, అందుకే కొత్తవాళ్లు దాన్ని మర్చిపోతారు. ఒక 5 రూపాయల బిళ్ల తీసుకోండి. బిళ్ల ఎవరి ముందు ఉంటే ప్రయారిటీ వారిది. వేసిన మంత్రాలను బల్ల మధ్యలో, కింది ముక్క పేరు కనబడేలా, కాస్త జరిపి ఒకదాని మీద ఒకటి పెట్టండి. (ఆర్కే బీచ్‌లో కూర్చుని ఇది చేయబోకండి, గాలికి స్టాక్ మొత్తం లేచిపోతుంది. పైగా మన విశాఖ తేమకు ఫాయిల్ ముక్కలు వంగిపోతాయి, స్లీవ్ తొడగందే బయటికి తీయకండి.)

బిళ్ల ఎలా తిరుగుతుందో చూడండి. కొత్త స్టెప్ మొదలవగానే అది వంతు ఎవరిదో వారి ముందుకు వస్తుంది. మంత్రం వేసినా బిళ్ల వేసినవారి దగ్గరే ఉంటుంది, వద్దనుకుంటే ఎదుటివారి వైపు జరుపుతారు. ఇద్దరూ వరసగా వద్దనుకుంటే స్టాక్‌లో పైనున్నది ఒక్కటంటే ఒక్కటే ఫలిస్తుంది, బిళ్ల మళ్లీ వంతు ఉన్నవారికి వస్తుంది. ఇద్దరూ వద్దన్నప్పుడు స్టాక్ ఖాళీగా ఉంటే ఆ స్టెప్ అయిపోయినట్టు. ట్యాప్ అయిన ముక్కలను మళ్లీ నిలువుగా తిప్పే అన్‌ట్యాప్ స్టెప్‌లో బిళ్ల ఎవరికీ రాదు. వంతు చివర వచ్చే క్లీనప్‌లోనూ మామూలుగా రాదు.

‘ఒక్కటంటే ఒక్కటే’ అన్నది గట్టిగా పట్టుకోండి. స్టాక్ ఒక్కసారిగా కూలిపోదు. ఒక్కో మంత్రం ఫలించాక మళ్లీ కొత్త మంత్రం వేసే అవకాశం ఇద్దరికీ ఉంటుంది.

ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఒక మేడ మీదికి వెళ్దాం. అన్నదమ్ములు ఆడుతున్నారు. వంతు తమ్ముడిది. 2/2 (కొట్టే దెబ్బ 2, తట్టుకునే బలం 2) గ్రిజ్లీ బేర్స్‌తో దాడికి దిగాడు, అన్న తన జీవితో బ్లాక్ చేయలేదు. తమ్ముడు ఒక ఫారెస్ట్ ట్యాప్ చేసి ఎలుగు మీద జయంట్ గ్రోత్ వేశాడు. ఈ వంతు ముగిసేదాకా +3/+3 ఇచ్చే మంత్రం అది. వేసి బిళ్ల జరిపాడు.

“ఆగరా, రెస్పాన్స్ ఉంది. ఎలుగు మీద లైట్నింగ్ బోల్ట్.”

“అదేటన్నయ్యా, గ్రోత్ నేను ముందే వేశాను కదా! ఎలుగు 5/5 అయిపోయింది.”

అవలేదు. తమ్ముడు గ్రోత్ వేశాడంతే, అది ఇంకా ఫలించలేదు. స్టాక్‌లో గ్రోత్ కింద ఉంది, బోల్ట్ పైన ఉంది. ముందు బోల్ట్ ఫలిస్తుంది. 2/2గానే ఉన్న ఎలుగుకు 3 డ్యామేజ్ తగిలి గ్రేవ్‌యార్డ్‌కు (అయిపోయిన ముక్కల కుప్పకు) పోతుంది. గ్రోత్ వంతు వచ్చేసరికి దానికి టార్గెట్ లేదు. ఉన్న ఒక్క టార్గెట్టూ పోతే మంత్రం ఫలించకుండానే గ్రేవ్‌యార్డ్‌లో పడుతుంది. అన్న ఒక ముక్క ఖర్చు పెట్టి తమ్ముడివి రెండు తీసేశాడు.

వరస తిప్పి చూడండి. అన్న ముందు బోల్ట్ వేశాడు, దానికి రెస్పాన్స్‌గా తమ్ముడు గ్రోత్ వేశాడు. ముందు గ్రోత్ ఫలిస్తుంది, ఎలుగు 5/5 అవుతుంది, తర్వాత 3 డ్యామేజ్ తగిలినా బతుకుతుంది. ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. వంతు చివర +3/+3 పోతే, మళ్లీ 2/2 అయిన ఎలుగు ఆ 3 డ్యామేజ్‌కు చావదా? చావదు. క్లీనప్ స్టెప్‌లో డ్యామేజ్ తుడిచిపెట్టుకుపోవడమూ ‘వంతు ముగిసేదాకా’ అన్నవి తీరిపోవడమూ ఒకే క్షణంలో జరుగుతాయి.

అలాగని తమ్ముడు అప్పుడే నవ్వకూడదు. గ్రోత్ ఫలించాక బోల్ట్ ఇంకా స్టాక్‌లోనే ఉంది. బిళ్ల తమ్ముడికి వచ్చి, అక్కడి నుంచి అన్నకు చేరుతుంది. అన్న దగ్గర ట్యాప్ కాని ఇంకో మౌంటెన్ (బోల్ట్, షాక్‌లకు మనా ఇచ్చే లాండ్), చేతిలో షాక్ (2 డ్యామేజ్ చేసే మంత్రం) ఉంటే 2, 3 కలిసి 5. ఎలుగు పోయినట్టే. అందుకే గ్రోత్ లాంటి ముక్కను ఎదుటివారి లాండ్‌లు ట్యాప్ అయి ఉన్నప్పుడు వాడడం మేలు. వాటిలో ఒక్క మౌంటెన్ లేచి ఉన్నా, అది మంత్రం కింద లెక్క.

మంత్రం వేసే తంతులోనూ ఒక వరస ఉంది. ముక్కను స్టాక్‌లో పెట్టాలి, టార్గెట్ చెప్పాలి, ఖర్చు లెక్కకట్టాలి, మనా తీయాలి, చెల్లించాలి. ఈ మధ్యలో బిళ్ల ఎవరికీ అందదు. కాబట్టి, ట్యాప్ చేస్తే మనా ఇచ్చే జీవి విషయంలో “నువ్వు ల్యానోవర్ ఎల్వ్స్‌ను ట్యాప్ చేశావు కదా, మనా రాకముందే దాన్ని చంపేస్తున్నా” అనడం చెల్లదు. మనా ఇచ్చే సామర్థ్యం స్టాక్‌లోకే ఎక్కదు. లాండ్ దింపడమూ అంతే, దానికి రెస్పాన్స్ ఉండదు. ఎదుటివారి ఎల్వ్స్‌ను మనా వాడనివ్వకుండా తీసేయాలంటే వారి అప్‌కీప్‌లోనే కొట్టండి. వారు రెస్పాన్స్‌గా ట్యాప్ చేసి మనా తీసుకున్నా, ఆ స్టెప్ దాటితే అది ఆవిరైపోతుంది. అప్పటికప్పుడు వేసే ఇన్‌స్టంట్‌కు తప్ప పనికిరాదు.

స్టాక్‌లోకి ఎక్కిన సామర్థ్యానికి, దాన్ని ఇచ్చిన ముక్క బల్ల మీద లేకపోయినా నష్టం లేదు. ఎదుటివారు ప్రొడిగల్ సోర్సరర్ అనే మాంత్రికుణ్ణి ట్యాప్ చేసి 1 డ్యామేజ్ అన్నాక, మీరు ఆ మాంత్రికుణ్ణి చంపినా డ్యామేజ్ ఆగదు. విడిచిన బాణం విలుకాడు పడిపోయాడని ఆగుతుందా!

ఎక్కువగా చేజారే సమయం దాడికి ముందు ఉంటుంది. ఎదుటివారి జీవిని ట్యాప్ చేసి దాడికి రాకుండా ఆపాలంటే వారి బిగినింగ్ ఆఫ్ కాంబాట్‌లోనే (దాడి దశ మొదట్లోనే) వేయాలి. “దీంతో దాడి” అని ప్రకటించాక ట్యాప్ చేసినా అది దాడిలోనే ఉంటుంది, డ్యామేజ్ కూడా చేస్తుంది. మెయిన్ ఫేజ్‌లో తొందరపడి వేయకండి, దాని బదులు దిగిన వంతులోనే దాడి చేయగల (హేస్ట్ ఉన్న) జీవిని దింపుకునే వీలు వారికి మిగులుతుంది.

మీ మంత్రం మీదే మీరు ఇంకోటి వేయాలనుకుంటే నోరు తెరిచి చెప్పాలి: “ప్రయారిటీ నా దగ్గరే ఉంచుకుంటున్నా.” రూల్ ప్రకారం బిళ్ల మీ దగ్గరే ఉన్నా, టోర్నమెంట్లలో చెప్పకపోతే జరిపినట్టే లెక్క.

అభ్యాసం: వంతు ఎదుటివారిది. వారు ప్రొడిగల్ సోర్సరర్‌ను ట్యాప్ చేసి మీ ల్యానోవర్ ఎల్వ్స్‌కు 1 డ్యామేజ్ అన్నారు. మీ చేతిలో షాక్, జయంట్ గ్రోత్ ఉన్నాయి. లాండ్‌లలో ట్యాప్ కానిది ఒక్క మౌంటెన్. ఎల్వ్స్ మీ రెండు వంతుల కిందటే దిగింది, ట్యాప్ కాలేదు. దాన్ని బతికించాలి. ఏ ముక్క వేస్తారు, మనా ఎక్కడి నుంచి తెస్తారు? అదే ఎల్వ్స్ మీ పోయిన వంతులోనే దిగి ఉంటే జవాబు మారుతుందా? బిళ్ల జరుపుతూ ఆడి చూడండి. జవాబుతో 5వ పాఠం మొదలవుతుంది, అందులో ట్రిగ్గర్లు (ఏదైనా జరగ్గానే వాటంతటవే పనిచేసే సామర్థ్యాలు) ఏ వరసలో స్టాక్ ఎక్కుతాయో చూద్దాం.