రంగు సరిగా కుదరనప్పుడు: బ్రష్, రోలర్, స్ప్రేలలో లోపం ఎక్కడుంది?

రంగు ఎండిన తరువాత చారలో, మచ్చలో కనిపిస్తే చాలామంది రంగే నాసిరకమని నిర్ణయించుకొని మరో డబ్బా కొంటారు. అయితే అలాంటి లోపాలు తరచుగా ఆ ఉపరితలానికి నప్పని పనిముట్టు వలన, లేదా దానిని వాడిన తీరు వలన ఏర్పడతాయి. గోడ మీది గుర్తును శ్రద్ధగా చూస్తే కారణం తెలుస్తుంది.

సమస్య: పెద్ద గోడ మీద పట్టీలు, అతుకుల గుర్తులు

వేసిన భాగం అంచు ఆరిపోయాక దాని మీదుగా మళ్లీ రంగు వేస్తే అక్కడ పొర రెండింతలై, వెలుతురు పడినప్పుడు పట్టీలా కనిపిస్తుంది. విశాలమైన గోడకు బ్రష్‌ను ఎంచుకున్నప్పుడు ఇది దాదాపు తప్పదు, ఎందుకంటే ఆ అంచు తడిగా ఉండగానే పక్క భాగాన్ని అందుకొనేంత వేగం బ్రష్‌కు ఉండదు. ఇక్కడ తగినది రోలర్. ఫ్యాను ఆపి, గోడ మీద నేరుగా ఎండ పడని వేళ చూసుకొని, ఒక గోడను మొదలుపెడితే మూల వచ్చేదాకా ఆగకుండా పూర్తి చేయాలి. మచ్చ ఉన్నచోట మాత్రమే దిద్దితే కొత్త మచ్చలు తేలతాయి కాబట్టి గోడ మొత్తానికీ మరో కోటు వేయడమే సరైన మార్గం.

మూలల వెంట మాత్రమే ఛాయ వేరుగా కనిపిస్తే కారణం మరొకటి: అంచులకు బ్రష్‌తో వేసిన పొర, మధ్యలో రోలర్ వేసిన పొర వేర్వేరు నునుపుతో ఎండాయన్నమాట. గది అంచులన్నీ ఒకేసారి ముగించకుండా, ఒక్కొక్క గోడ అంచులు వేసిన వెంటనే, తడి ఆరకముందే రోలర్‌ను మూలకు వీలైనంత దగ్గరగా నడపాలి.

సమస్య: గరుకు గోడలో రంగు అందని చుక్కలు, నున్నని తలుపు మీద నారింజ తొక్క వంటి గరుకుదనం

రెండింటికీ మూలం రోలర్ నూగు (దాని మీది మెత్తని పోగుల) పొడవే. నున్నని తలుపులకు సుమారు 6 మి.మీ. నూగు గానీ, సన్నని ఫోమ్ రోలర్ గానీ చాలు. మామూలు గోడలకు 10 నుంచి 12 మి.మీ., బాగా గరుకైన గోడలకు 18 మి.మీ. లేదా అంతకు మించినది కావాలి. తలుపు ఇప్పటికే పాడై ఉంటే, రంగు పూర్తిగా ఎండనిచ్చి, 220 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచి, పలుచని కోటు వేయాలి. చాలా పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉన్నందున దానిని పొడిగా రుద్దడం ప్రమాదకరం. ఈ విషయంలో తొందర వద్దని గట్టిగా చెబుతున్నాను.

సమస్య: బ్రష్ చారలు

సహజమైన వెంట్రుకల బ్రష్ నీటిని పీల్చుకొని మెత్తబడుతుంది. అది ఆయిల్ ఎనామెల్‌కు తగినది. నీటి ఆధారిత రంగులకు నైలాన్ లేదా పాలిస్టర్ బ్రష్ వాడాలి. సరైన బ్రష్ ఉన్నా, ఆరడం మొదలైన రంగును పదేపదే సవరిస్తే చారలు అలాగే నిలిచిపోతాయి.

సమస్య: స్ప్రేలో కారిన ధారలు, పొడిపొడిగా అంటిన పొర

గన్ మరీ దగ్గరగా ఉన్నా, చేయి ఒకచోట ఆగినా రంగు కారుతుంది. మరీ దూరంగా ఉంటే తుంపర గాలిలోనే ఆరి పొడిలా అంటుకుంటుంది. ఎయిర్‌లెస్ గన్‌ను (గాలి కలపకుండా, రంగునే అధిక ఒత్తిడితో చిమ్మేది) ఉపరితలానికి 25 నుంచి 30 సెం.మీ. దూరంలో, మణికట్టు తిప్పకుండా సమాంతరంగా కదిలిస్తూ, ప్రతి వరుస ముందు వరుసలో సగాన్ని కప్పేలా నడపాలి. వరుస అంచుల్లో తోకల వంటి గీతలు పడుతుంటే ఒత్తిడి చాలకపోవడమో, నాజిల్ అరిగిపోవడమో కారణం. నాజిల్‌ను ముట్టుకొనే ముందు యంత్రం ఆపి ఒత్తిడి పూర్తిగా వదలాలి, ఎందుకంటే ఆ ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి వెళ్లగలదు. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

జాలీలకు, గ్రిల్స్‌కు, పలకల తలుపులకు స్ప్రే ఎంతో అనుకూలం. సామాను నిండిన ఒక్క గదికైతే అన్నిటినీ కప్పడానికే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి అక్కడ రోలర్‌నే ఎంచుకోవాలి.