ఏనుగుల దారిలో సోలార్ కంచె: ఆన్ చేసే ముందు జాగ్రత్తలు

శేషాచలం అంచున, ఉమ్మడి కడప జిల్లా రైల్వేకోడూరు వైపు అరటి, మామిడి తోటలున్న రైతులు పొద్దుగూకక ముందే చూసుకోవాల్సినవి:

- ముందు ఎర్తింగ్. ఏనుగు ఒంట్లోంచి కరెంటు నేలకు దిగి, నేలలో పాతిన ఎర్త్ రాడ్ల మీదుగా, కంచెకు షాకిచ్చే సోలార్ మెషీన్‌కు తిరిగి చేరితేనే షాక్ తగులుతుంది. ఎండాకాలం మన నేల బొత్తిగా ఎండిపోతుంది కాబట్టి రాడ్ల మొదట్లో నీళ్లు పోయండి. కంచె బాగున్నా ఏనుగు లెక్కచేయలేదంటే చాలాసార్లు లోపం ఇక్కడే.

- తీగకు తగిలే గడ్డి, కంప కొట్టేయండి. తడి ఆకుల గుండా కరెంటు నేలపాలవుతుంది.

- కంచె వోల్టేజీ కొలిచే టెస్టర్‌తో మెషీన్ దగ్గర కాదు, కంచె చిట్టచివర కొలవండి. 5,000 వోల్టులకు తగ్గితే ఎక్కడో లీకున్నట్టే.

- దంతానికి షాక్ పెద్దగా తగలదు. అనుభవమున్న మగ ఏనుగు దంతంతోనే తీగ తెంపుతుంది. అడవివైపు స్తంభాలకూ కరెంటు తీగ చుట్టించండి.

- మోటారు లైను నుంచి 230 వోల్టులు మాత్రం ఎన్నడూ ఇవ్వొద్దు. సోలార్ మెషీన్ సుమారు సెకనుకోసారి రెప్పపాటు షాకిచ్చి వదిలేస్తుంది, ఏనుగు వెనక్కి తగ్గుతుంది. లైను కరెంటు ఆగదు. ఏనుగూ పోతుంది, తెల్లారి నీళ్లు కట్టడానికొచ్చిన మనిషీ పోతాడు. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువది, చంపితే జైలే. దాదాపు 22 నెలలు మోసి ఒక్క పిల్లను కనే జాతి, పోయినవి తొందరగా పూడవు.

- హెచ్చరిక బోర్డు తెలుగులో, పసుపు రంగులో.