పిల్లల మొదటి ఎయిర్ రైఫిల్: గురి కుదరకపోతే తప్పు ఎక్కడుంది?

తిరుపతి గంగమ్మ జాతరలో బుడగలు కాల్చే అంగడి ముందు మా అమ్మాయి గంటసేపు కదల్లేదు. అప్పటికి దానికి పన్నెండేళ్లు. ఇరవై బుడగల్లో పదిహేడు పగలగొట్టి, ఇంటికొచ్చాక "నాయనా, నాకూ ఒకటి కావాలి" అంది. నాకు తుపాకుల గురించి తెలిసింది సున్నా. అంగడివాడు "ఉన్నవాటిలో ఇదే పవర్‌ఫుల్ సార్" అంటే అదే కొన్నాను. ఆరు వారాలకు అది మంచం కిందికి చేరింది. మా అమ్మాయికి ఓపిక లేదనుకున్నాను గానీ, తుపాకి దానికి సరిపడలేదని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఈ ఏడాదిలో నేను పడ్డ ఇబ్బందులు, తెలిసినవాళ్లు అడిగినవి ఇక్కడ రాస్తున్నాను. ఇంకా కొననివాళ్లు వీటినే కొనేముందు చూసుకోవాల్సిన విషయాలుగా చదువుకోవచ్చు.

"పది గుళ్లకే చేతులు లాగేస్తున్నాయి అంటోంది"

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. కారణం తుపాకి బలం. మనకు దొరికే మొదటి రైఫిళ్లలో ఎక్కువ భాగం స్ప్రింగ్‌వి. బ్యారెల్‌ను (గుండు వెళ్లే గొట్టాన్ని) మధ్యకు వంచితే లోపల స్ప్రింగ్ బిగుసుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే అది గాలిని నెట్టి గుండును తోస్తుంది. గుండు ఎంత వేగంగా పోవాలంటే స్ప్రింగ్ అంత గట్టిగా ఉండాలి, దాన్ని వంచడానికి పిల్లల చేతులకు అంత బలం కావాలి. మేం కొన్న డబ్బా మీద సెకనుకు 1000 అడుగులని పెద్ద అక్షరాల్లో ఉంది. అది చూసి మురిసిపోయాను.

కానీ కాగితం మీద గురికి అంత వేగం అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీ రైఫిళ్లు సుమారు సెకనుకు 170 నుంచి 175 మీటర్ల వేగంతోనే పేలుస్తాయి. అంటే దాదాపు 570 అడుగులు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది ఈ పోటీలోనే, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌తోనే (చిన్న సీసం గుండు). అక్కడ పది పాయింట్ల చుక్క అడ్డకొలత అర మిల్లీమీటరు. ఆ చుక్కను కొట్టడానికి కావాల్సింది నిలకడ.

కొనేముందు అంగడిలోనే పిల్లల చేత బ్యారెల్ వంచించండి. ఒకసారి వంచితే చాలదు, ఇరవైసార్లు వంచాలి. పన్నెండోసారికే పళ్లు బిగబడితే ఆ తుపాకి వద్దు. అంగడివాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇప్పటికే కొనేసినవాళ్లయితే కొన్నాళ్లు వంచే పని పెద్దవాళ్లే చేయండి, పిల్లలు కాల్చడం మాత్రమే నేర్చుకుంటారు. ఎవరు వంచినా, పెల్లెట్ పెట్టేటప్పుడు బ్యారెల్‌ను రెండో చేత్తో గట్టిగా పట్టుకునే ఉండాలి. చేయి జారితే అది తలుపులా కొట్టుకుని వేళ్లు నలుగుతాయి.

బరువు కూడా చూసుకోవాలి. పోటీ రైఫిల్‌కు 5.5 కిలోల వరకు అనుమతి ఉంది, కానీ పన్నెండేళ్ల పిల్లకు అది మోయలేని భారం. మొదటి నెలలు నిలబెట్టకుండా, బల్ల మీద ఇసుక మూట వేసి దాని ఆసరాతో కాల్పించండి.

"గుళ్లు పేపరంతా చెదిరిపోతున్నాయి"

ముందు తప్పు తుపాకిదా, మనిషిదా తేల్చుకోవాలి. చేయి నిలకడగా ఉన్న పెద్దవాళ్లు ఒకరు ఇసుక మూట ఆసరాతో ఐదు గుళ్లు కాల్చండి. అవి ఒకచోట పడితే తుపాకి బాగానే ఉంది. అవీ చెదిరితే ఈ వరుసలో చూడండి.

మొదట మరలు. స్ప్రింగ్ రైఫిల్ పేలిన ప్రతిసారీ రెండు కుదుపులు ఇస్తుంది, ఒకటి వెనక్కి, వెంటనే ఇంకోటి ముందుకు. ఆ కుదుపులకు చెక్కను పట్టి ఉంచే మరలు వదులవుతాయి. మాకు సగం సమస్య ఒక స్క్రూడ్రైవర్‌తో తీరిపోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

తర్వాత పెల్లెట్లు. పేపర్ టార్గెట్‌కు ముక్కు చదునుగా ఉన్నవి వాడతారు, కాగితం మీద గుండ్రంగా శుభ్రమైన రంధ్రం పడుతుంది. పెల్లెట్ వెనక అంచు పల్చటి సీసం. డబ్బా కింద పడితే అది నొక్కుకుపోయి గుండు దారి తప్పుతుంది. పైగా ఒక్కో బ్యారెల్‌కు ఒక్కో రకం నచ్చుతుంది. రెండు మూడు రకాలు చిన్న డబ్బాలు తెచ్చి, ఒక్కో రకంతో పది గుళ్లు కాల్చి చూడండి. రకాలను కలిపి మాత్రం వాడొద్దు.

మూడోది పట్టు. ఇది చాలామందికి నమ్మకం కలగని సంగతి. స్ప్రింగ్ రైఫిల్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటే అంత చెదురుతుంది. ఆ రెండు కుదుపులూ ప్రతిసారీ ఒకేలా జరగాలంటే దాన్ని అరచేతి మీద ఊరికే ఆనించి, కుదిపినంత కుదపనివ్వాలి. మూట మీద పెట్టినా తుపాకిని నేరుగా పెట్టకుండా మధ్యలో చేయి ఉంచాలి. బ్యారెల్‌ను దేనికీ ఆనించకూడదు.

నాలుగోది గాలి లీకు. బ్యారెల్ మడిచే చోట ఉండే చిన్న సీలు అరిగిపోతే గాలి బయటికి పోతుంది. ఆ అతుకు మీద టిష్యూ పేపర్ ముక్క పెట్టి, పెల్లెట్ వేసి, టార్గెట్ వైపే కాల్చండి. కాగితం ఎగిరితే సీలు మార్చాలి, అది చిన్న ఖర్చే.

టెలిస్కోప్ బిగించి ఉంటే తీసేయండి. చవక టెలిస్కోపులు స్ప్రింగ్ కుదుపులకు త్వరగా పాడవుతాయి. పైగా మొదట నేర్చుకోవాల్సింది మామూలు సైట్‌తో, అంటే తుపాకి మీద ముందూ వెనకా ఉండే గురిగుర్తులతో, గురిచూడటం.

"గుళ్లన్నీ ఒకచోటే పడుతున్నాయి, కానీ పక్కకు"

ఇది శుభవార్త. పిల్ల బాగా కాలుస్తోంది, సైట్ సరిచేస్తే చాలు. గుళ్లు ఏ పక్కకు జరగాలో వెనక సైట్‌ను ఆ పక్కకే జరపాలి. ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా పడుతుంటే మాత్రం సైట్ ముట్టుకోవద్దు. మిద్దె మీద ఎండ ఒక పక్కనుంచి పడి ముందు సైట్ మెరుస్తోందేమో చూడండి. నీడలోకి మారితే చాలు.

రోజుకో పక్కకు పోతుంటే కన్ను అనుమానించాలి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లందరికీ కుడి కన్నే బలంగా ఉండదు. తిరుపతిలో ఈ పరీక్ష సులువు. రాత్రి మిద్దె ఎక్కి, రెండు కళ్లూ తెరిచి, చేతులు చాచి అరచేతుల మధ్య చిన్న కంత వదిలి, అందులోంచి కొండ మీద ఘాట్ రోడ్డు దీపం ఒకటి చూడమనండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయాలి. దీపం ఇంకా కనిపిస్తే కుడి కన్ను బలమైంది. మాయమైతే ఎడమది. మా అమ్మాయికి మాయమైంది! చేయి కుడి, కన్ను ఎడమ. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎడమ భుజం మీద పెట్టుకోవడం అలవాటు చేయొచ్చు, లేదా ఎడమ కన్నుకు ఎదురుగా చిన్న అట్టముక్క అడ్డం పెట్టి కుడి కన్నుతోనే కొనసాగించొచ్చు. మేం భుజం మార్చాం. అందుకే మొదటి తుపాకి చెక్క రెండు వైపులా ఒకేలా ఉన్నది కొనండి.

"మెడ నొప్పి అంటోంది"

చెక్క పొడవు. బట్‌ను, అంటే భుజానికి ఆనే చెక్క చివరను, మోచేతి మడతలో ఆనిస్తే చూపుడువేలు ట్రిగ్గర్‌ను హాయిగా అందాలి. అందకపోతే తుపాకి పెద్దది, పిల్ల మెడ సాచి సైట్ వెతుక్కుంటుంది. చెక్క కోయించొద్దు, పిల్లలు ఏడాదిలో ఎదిగిపోతారు. బట్ ముక్కలు తీసి పెట్టుకునే వీలున్న మోడల్ దొరికితే మంచిది.

"పేలినప్పుడు పొగ, టపాకాయ చప్పుడు"

కొత్త తుపాకి మొదటి కొన్ని గుళ్లకు అలా చేస్తే కంగారు పడొద్దు, ఫ్యాక్టరీలో రాసిన నూనె కాలిపోతోంది. పాత తుపాకి హఠాత్తుగా మొదలుపెడితే ఇంట్లో ఎవరో కుట్టుమిషన్ నూనె పోశారన్నమాట. లోపల గాలి ఒక్కసారిగా నొక్కుకుని వేడెక్కి ఆ నూనె మండుతుంది. సీలు, స్ప్రింగ్ రెండూ దెబ్బతింటాయి. నూనె బయటి ఇనుముకే, అదీ గుడ్డతో తుడిచినట్టు.

పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం ఇంకో చెడ్డ అలవాటు. ముందు గుండు లేకపోతే గాలిని నెట్టే లోపలి పిస్టన్ నేరుగా ఎదురుగా ఉన్న లోపలి గోడకు గుద్దుకుంటుంది. పోటీ రైఫిళ్లలో ఖాళీగా సాధన చేసే ఏర్పాటు ఉంటుంది, స్ప్రింగ్ రైఫిల్‌లో లేదు.

"లైసెన్స్ కావాలేమోనని టెన్షన్"

మన దేశంలో బోరు (బ్యారెల్ లోపలి అడ్డకొలత) 4.5 మిల్లీమీటర్లు, అంటే .177 అంగుళాలు దాటకుండా, గుండు బలం 20 జూళ్లు మించకుండా ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. .22 బోరు అంటే కావాలి. ఎవరైనా "అదీ ఇదీ ఒకటే" అంటే ఆ అంగడి దిగిపోండి. పెద్దవాళ్ల పేరుతో బిల్లు తీసుకుని దాచండి. కారులో తుపాకి పెట్టుకుని అలిపిరి వైపు మాత్రం వెళ్లొద్దు, కొండకు ఆయుధాలు తీసుకెళ్లకూడదు.

చిత్తూరు వైపు తోటలున్న బంధువులు "తోతాపురి మీద చిలకలు వాలుతున్నాయి, పాపను పంపు" అని నవ్వుతూ అడుగుతారు. నవ్వుతూనే కాదనండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిలకను కొట్టడం నేరం.

"గుండు వెనక్కి వచ్చింది"

ఇది విన్న రోజే కాల్చడం ఆపేయండి. ఇనుప రేకు, సిమెంటు గోడ, రాయి టార్గెట్‌కు నేరుగా వెనక ఉండకూడదు. పాత పేపర్లు, బట్టలు కుక్కిన లోతైన అట్టపెట్టె పెట్టి, దాని వెనక గోడ ఉండేలా చూసుకోండి. మిద్దె పిట్టగోడ దాటి పోయే గుండు పక్కింట్లో ఎవరి కంటికి తగులుతుందో చెప్పలేం. కంటికి అద్దాలు, పక్కన ఒక పెద్ద మనిషి తప్పనిసరి. పెల్లెట్లు సీసం కాబట్టి ముగించాక చేతులు సబ్బుతో కడిగాకే తిండి.

"పోటీలకు పంపాలనుకుంటున్నాం, పాతది ఒకటి అమ్మకానికి ఉంది"

ముందు అందుబాటులో ఉన్న రేంజ్‌కు తీసుకెళ్లి అక్కడి తుపాకితో కొన్ని నెలలు కాల్పించండి. కాలేజీలో ఎన్‌సీసీలో చేరితే .22తో ఫైరింగ్ వేరే నేర్పుతారు. మన పోటీలు కొన్నింటిలో ఓపెన్ సైట్ (మామూలు సైట్) విభాగం ఉంది కాబట్టి మొదటి ఏడాది ఖరీదైన పీప్ సైట్ (చిన్న కంతలోంచి గురిచూసేది) లేకున్నా నడుస్తుంది. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటి జర్మన్ రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి, అందుకే చాలామంది పాతవి చూస్తారు.

వీటిలో స్ప్రింగ్ ఉండదు, సిలిండర్‌లో సాధారణంగా 200 బార్ల ఒత్తిడితో గాలి నింపుతారు. చెక్క గీతలు పడ్డా, రంగు పోయినా పట్టించుకోకండి. సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చూడండి. పదేళ్లు దాటితే పోటీలో అనుమతించరు, గాలి నింపడమూ ప్రమాదం. కొత్త సిలిండర్ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. తేదీ చదవలేనంతగా అరిగిపోయి ఉంటే బేరం అక్కడే ఆపేయండి.